పండు పొయ్యెక్కాలా, వద్దా?

బతుకమ్మ దగ్గరపడింది, రోడ్ల పక్కన గంపల్లో సీతాఫలాలు దిగాయి. ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ పండ్లతో చేసే తీపి గురించే. అందుకే వేరే సంగతులు పక్కన పెట్టి వీటికే జవాబు రాస్తున్నా.

సీతాఫలం బాసుంది ఎప్పుడు చేసినా చివర్లో చేదు తగులుతోంది. పాలు మంచివే, పండ్లూ మంచివే. ఎందుకలా? – ఒక పాఠకురాలు, ములుగు

గుజ్జును పాలతో పాటు ఉడికిస్తున్నట్టున్నారు. సీతాఫలానికి మంట పడదు, ఉడికితే చేదెక్కుతుంది, రంగూ మారుతుంది. చిక్కటి పాలు లీటరు తీసుకుని సగమయ్యేదాకా మరిగించి, నాలుగైదు చెంచాల చక్కెర వేసి దించేయండి. పూర్తిగా చల్లారాక ఒక గంట ఫ్రిజ్‌లో పెట్టి, అప్పుడు కప్పు గుజ్జు కలపండి, తొందరపడి గోరువెచ్చగా ఉన్నప్పుడు కలపొద్దు. యాలకుల పొడి కూడా వద్దంటాను, ఆ పండు వాసన ముందు ఇంకోటి ఎందుకు? గింజలు వేరు చేయడానికి మిక్సీ మాత్రం అస్సలు వాడకండి. సీతాఫలం గింజలో విషం ఉంటుంది, పేలు పోవాలని ఆ పొడి తలకు పట్టించుకుంటే కంట్లో పడి కళ్లు దెబ్బతిన్నవాళ్లున్నారు. పెద్ద కన్నాల జల్లెడలో గుజ్జు వేసి గరిటె వెనకవైపుతో మెల్లగా రుద్దండి, గుజ్జు కిందికి దిగి గింజలు పైన మిగిలిపోతాయి.

అక్కా, పిల్లల కోసం పైనాపిల్ పుడ్డింగ్ చేశాను. జెలటిన్ సరిగ్గానే వేశా, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టినా నీళ్లలాగే ఉంది. – ఒక పాఠకురాలు, హన్మకొండ

పచ్చి ముక్కలు వేశారు కదా! పైనాపిల్‌లో బ్రోమెలిన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది ప్రొటీన్‌ను విరగ్గొడుతుంది. జెలటిన్ కూడా ప్రొటీనే కాబట్టి ఇక గడ్డకట్టే దారే లేదు. ముక్కల్ని కొంచెం చక్కెరతో బాగా ఉడికించి చల్లార్చి వేస్తే ఆ ఎంజైమ్ పనిచేయదు. అంటే సీతాఫలానికి చెప్పిన దానికి పూర్తిగా ఉల్టా.

అసలు మన దగ్గర జెలటిన్ బదులు చైనా గ్రాస్ వాడమని నా సలహా. జెలటిన్ జంతువుల తోలు, ఎముకల నుంచి తీస్తారు, శాకాహారులు తినరు. పైగా వరంగల్ మే నెల ఎండల్లో ఫ్రిజ్‌లోంచి తీసి బల్ల మీద పెట్టగానే కారిపోతుంది. చైనా గ్రాస్ సముద్రపు నాచు నుంచి వస్తుంది, ఒకసారి గట్టిపడితే మళ్లీ బాగా వేడి చేస్తే తప్ప కరగదు. అర లీటరు పాలకు 5 గ్రాములు చాలు. పావుగంట నానబెట్టి, కప్పు నీళ్లలో ఒక్క పోగు కూడా కనిపించకుండా కరిగించి, వేడిగా ఉన్న పాలలోనే పోయండి. చల్లటి పాలలో పోస్తే పీచు పీచుగా ఉండలు కడుతుంది.

కేక్‌లోకి టూటీ ఫ్రూటీ ఇంట్లో చేసుకోవచ్చా? ఎసెన్స్ వాసన మా ఇంట్లో ఎవరికీ పడదు. – ఒక పాఠకురాలు, జగిత్యాల

హాయిగా చేసుకోవచ్చు. పచ్చి బొప్పాయి చెక్కు తీసి సెనగగింజంత ముక్కలు కోసి, అద్దంలా మెరిసేదాకా నీళ్లలో ఉడికించి వడగట్టండి. రెండు కప్పుల ముక్కలకు కప్పు చక్కెర, అరకప్పు నీళ్లు కలిపి తీగపాకం వచ్చేదాకా సన్న మంట మీద ఉంచాలి. రంగుకు బీట్‌రూట్ రసం పోస్తే చాలు. రాత్రంతా పాకంలోనే వదిలేసి, తెల్లారి వడగట్టి ఫ్యాను కింద ఆరబెట్టండి. చేత్తో నొక్కితే వేళ్లకు అంటకూడదు.

ఇక వాసన సంగతి. రెండు నిమ్మకాయలో ఒక సంత్ర పండో బాగా కడిగి తుడిచి, సన్న తురుముపీట మీద పైరంగు మాత్రమే వచ్చేలా తేలిగ్గా గీకండి, కింద తెల్ల పొర తగిలిందా చేదే. ఆ తురుమును కప్పు చక్కెరలో వేసి వేళ్లతో నలపండి. రెండు నిమిషాల్లో చక్కెర తడితడిగా అయి, తొక్కలోని నూనె దిగి, లేత పసుపు రంగుకు తిరుగుతుంది, గదంతా ఘుమఘుమలాడుతుంది. కేక్‌లో మామూలు చక్కెర బదులు ఇదే వేయండి. మిగిలింది గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. గింజలు తీశాక పారేసే యాలకుల తొక్కలు కూడా చక్కెర డబ్బాలో పడేస్తే వారానికి మంచి వాసన పడుతుంది.

ఒవెన్ లేదు. కుక్కర్‌లో కేక్ అవుతుందా? – ఒక పాఠకుడు, జనగామ

అవుతుంది. రబ్బరు, విజిల్ రెండూ తీసేసి, అడుగున ఉప్పు పోసి స్టాండు పెట్టి, పది నిమిషాలు వేడెక్కాక కేక్ పిండి పోసిన గిన్నె లోపల పెట్టండి. సన్న మంట మీద 40 నిమిషాలయ్యాక పుల్లతో గుచ్చి చూడండి. మచ్చలు పడి మెత్తబడ్డ అరటిపండ్లతో మొదలుపెట్టండి, అవే తియ్యగా ఉంటాయి. వంటసోడా వేస్తే కొంచెం పెరుగు కూడా కలపాలి, పులుపు తగిలితేనే సోడా సరిగ్గా పొంగుతుంది, లేకపోతే సబ్బు రుచి వస్తుంది.