బొమ్మల మాస్టారికి ఉత్తరాలు: గండం గడిచిన రోబో

(ముప్పై ఏళ్లు విజయవాడ గాంధీనగర్‌లో సినిమా కటౌట్లు వేసి, ఫ్లెక్సులు వచ్చాక బ్రష్షులు కిరసనాయిల్ డబ్బాలో నానేసిన మాస్టారు ఈ వారం కూడా మీ ప్రశ్నలకు జవాబులిస్తున్నారు.)

ప్రశ్న: మాస్టారూ, మా వాడు పదో తరగతి. పబ్లిక్ పరీక్షలు దగ్గర పడ్డాయి. రాత్రి పన్నెండైనా ఫోన్‌లో 'గండం' అని ఏదో జపాన్ రోబో సీరియల్ చూస్తున్నాడు. పేరు వినగానే నాకు టెన్షన్ మొదలైంది. అడిగితే 'మాస్టారు కూడా చూశారట' అంటాడు. నిజమేనా? అసలు ఏముంది అందులో?
— ఒక తల్లి, పటమట, విజయవాడ

జవాబు: నిజమేనమ్మా, దొరికిపోయాను. కరోనా సెలవుల్లో మా మనవడు పక్కన కూర్చోబెట్టుకుని చూపించాడు. రోబోలు కొట్టుకుంటుంటే నేను ఓ కునుకు తీయొచ్చులే అనుకున్నాను. మొదటి భాగం సగమయ్యేసరికి నిద్ర ఎగిరిపోయింది.

పేరుకి భయపడకండి. మొదట వాళ్లు అనుకున్న పేరు 'ఫ్రీడమ్ ఫైటర్ గన్‌బాయ్'. తరవాత గన్‌కి ఫ్రీడమ్ తోక తగిలించి, అటూ ఇటూ నలిపి 'గండమ్' చేశారు. మన గండానికీ దానికీ చుట్టరికం లేదు.

కథ ఇదీ. భూమ్మీద జనం పట్టక, అంతరిక్షంలో పెద్ద పెద్ద గొట్టాల్లాంటి ఊళ్లు కట్టుకుంటారు. ఒక్కో గొట్టం ముప్పై కిలోమీటర్ల పైమాటే. బెజవాడలో ఒక మూత, గుంటూరులో ఇంకో మూత పెట్టినట్టు అనుకోండి. గొట్టం గిరగిరా తిరుగుతుంటుంది కాబట్టి లోపలి గోడే నేలవుతుంది, ఆ గోడమీదే ఇళ్లూ చెట్లూ. ఇది కార్టూన్ వాళ్లు గాల్లోంచి తీసింది కాదు. జెరార్డ్ ఓనీల్ అనే అమెరికా భౌతిక శాస్త్రవేత్త 1970ల్లో లెక్కలు వేసి చూపించిన నమూనా. ఆ ఊళ్లలో 'జియాన్' అనే రాజ్యం భూమి ప్రభుత్వం మీద తిరగబడుతుంది. మనకు కథ మొదలయ్యేసరికే జనాభాలో సగం మంది చచ్చిపోయి ఉంటారు. పిల్లల కార్యక్రమం మొదటి నిమిషంలో చెప్పే మాటా అది!

హీరో అమురో రే, పదిహేనేళ్లవాడు. మనం మొదట చూసేటప్పటికి బనియనూ నిక్కరూ వేసుకుని, టిఫిన్ కూడా తినకుండా ఏవో వైర్లు కెలుక్కుంటూ ఉంటాడు. పక్కింటి పిల్ల వచ్చి కేకలేస్తుంది. (మీ ఇల్లు గుర్తొచ్చిందా?) అంతలో శత్రువులు ఊళ్లోకి దిగుతారు. వీడి నాన్న తయారుచేసిన గండమ్ అనే యంత్రం అక్కడ బండి మీద వెల్లకిలా పడి ఉంటుంది. వీడు ఎక్కి, పుస్తకం తిరగేస్తూ దాన్ని లేపి నిలబెట్టి, శత్రువు యంత్రాన్ని రెండు ముక్కలుగా కోసేస్తాడు. అది పేలి గొట్టానికి చిల్లు పడుతుంది. ఆ చిల్లులోంచి గాలితో పాటు వాళ్ల నాన్న కూడా బయటి చీకట్లోకి కొట్టుకుపోతాడు. తన మొదటి గెలుపు కన్నతండ్రినే బయటికి తోసేసిందని ఆ క్షణంలో వాడికి తెలియదు. రెండో యంత్రాన్ని మాత్రం పేలకుండా, చూసి చూసి పొడుస్తాడు. అక్కడే నేను దిండు పక్కకు తోసి లేచి కూర్చున్నాను.

ఇంకొక్క సీను చెప్పి వదిలేస్తాను. మధ్యలో ఎడారి ఊళ్లో ఒక హోటల్. పారిపోయి వచ్చిన అమురో ఒంటరిగా తింటుంటాడు. రంబా రాల్ అనే శత్రు సైనికాధికారి, నడివయసు మనిషి, తన వాళ్లతో వచ్చి పక్క బల్ల దగ్గర కూర్చుంటాడు. ఈ కుర్రాడికి కూడా ఏదైనా పెట్టమని చెబుతారు. వీడు 'నేనేం ముష్టివాణ్ణి కాదు' అన్నట్టు వద్దంటాడు. పెద్దాయనకు ఆ పొగరు నచ్చుతుంది. వీడి దుప్పటి కింద తుపాకీ ఉందని కనిపెట్టి కూడా నవ్వి పంపేస్తాడు. మరుసటి భాగంలో ఆ పెద్దాయన గ్రెనేడు పట్టుకుని దూకి చచ్చిపోతాడు. శత్రువు చస్తే చప్పట్లు కొట్టాలని కదా మన అలవాటు. మా మనవడూ నేనూ కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

పరీక్షల సంగతి. మొత్తం 43 భాగాలు, కలిపితే పదిహేడు గంటల చిల్లర. రోజుకొకటి, రాత్రి అన్నం తినేటప్పుడు, మీ ఫోన్‌లో, మీ పక్కనే. వాడి ఫోన్ తొమ్మిదింటికే మీ దిండు కింద.

ప్రశ్న: గురువుగారూ, అంత మంచి సీరియల్ అయితే 52 భాగాలు అనుకుని 43కే ఎందుకు ఆపేశారు? దర్శకుడికీ కంపెనీకీ గొడవలా?
— ఇంటర్ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: బాబూ, దీనికి జవాబు నా సొంత అనుభవం నుంచి మొదలుపెట్టాలి. ఒకసారి నలభై అడుగుల కటౌట్ వేస్తున్నాను. కథలో హీరో పేద రైతు, తెల్లచొక్కా. పరంజా మీద ఉండగా డబ్బు పెట్టినాయన కిందనుంచి అరిచాడు: 'మాస్టారూ, తెలుపు ఎవడికి కనపడుద్దండీ, ఎర్రచొక్కా తొడగండి.' తొడిగాను. రైతు కాస్తా బస్టాండు కూలీలా తయారయ్యాడు.

గండమ్‌కీ సరిగ్గా అదే జరిగింది. డబ్బు పెట్టింది క్లోవర్ అనే బొమ్మల కంపెనీ. అప్పట్లో జపాన్‌లో రోబో సీరియల్ అంటే ఇరవై అయిదు నిమిషాల బొమ్మల ప్రకటన. 1972లో మజింగర్ జెడ్ వచ్చినప్పటి నుంచీ వ్యాపారం అలాగే నడుస్తోంది. దర్శకుడు టొమినో యొషియుకి ఆ నీళ్లలోనే ఈదినవాడు. 1977లో ఆయన తీసిన జంబాట్ 3లో ఊరిని కాపాడే పిల్లల మీదే ఊరివాళ్లు రాళ్లేస్తారు. అప్పుడే అర్థం కావాల్సింది ఆయన ఎలాంటి మనిషో. ఈసారి అమెరికా రచయిత హైన్‌లైన్ నవలలో సైనికులు తొడుక్కునే యంత్ర కవచం ఆయన బృందానికి నచ్చింది. రోబో దేవుడు కాదు, సైన్యం సామాను. ట్యాంకు లాగా, జీపు లాగా. దానికి ఒళ్లంతా తెలుపే వేద్దామనుకున్నారు. బొమ్మల కంపెనీ ఒప్పుకోలేదు. అందుకే గండమ్ ఛాతీ నీలం, పొట్ట ఎరుపు, మధ్యలో పసుపు. నా రైతు ఎర్రచొక్కా అన్నమాట. బొమ్మ అమ్ముకోడానికి మధ్యలో జీ-ఫైటర్ అనే విమానాన్ని కూడా అతికించారు. కథ చూస్తుంటే ఆ అతుకు కనిపిస్తుంది.

అయితే ఆ పెత్తనానికి ఒక సందు ఉంది. శత్రువుల యంత్రాలతో బొమ్మలు చేసే ఉద్దేశం కంపెనీకి లేదు. చెడ్డవాడి బొమ్మ ఎవడు కొంటాడు? కాబట్టి వాటి జోలికి రాలేదు. యంత్రాలు గీసే ఒకవారా కునియోకి అక్కడ స్వేచ్ఛ దొరికింది. ఆకుపచ్చ ఒళ్లు, ఒంటికన్ను, ముఖం మీద గ్యాస్ ముసుగు గొట్టం: జాకు అలా పుట్టింది. నన్నడిగితే హీరో యంత్రం కన్నా అదే అందగత్తె.

ఇంకో ముచ్చట. అంత పెద్ద యంత్రాలు ఎందుకు, దూరం నుంచి క్షిపణి వేస్తే పోలా అని నువ్వు అడుగుతావని వాళ్లకు ముందే తెలుసు. అందుకని 'మినోవ్‌స్కీ కణాలు' అని కల్పించారు. అవి చల్లితే రాడార్ పనిచేయదు, కంటితో చూసి దగ్గరికెళ్లి కొట్టుకోవాల్సిందే. అబద్ధమే, కానీ ఒక్క అబద్ధంతో కథంతా నిలబడింది.

1979 ఏప్రిల్ 7న నాగోయా టీవీలో మొదలైంది, ప్రతి శనివారం సాయంత్రం. బొమ్మలు కొనే చిన్నపిల్లలకు కథ అర్థం కాలేదు, అర్థమైన పెద్దపిల్లలు ఆ బొమ్మలు కొనలేదు. కంపెనీ కత్తెర వేసింది. స్టూడియోలో పరిస్థితీ అంతంతమాత్రమే. ఉత్సాహం బోలెడు, చేతిలో రోజులు తక్కువ. గీసిన కదలికనే దాచుకుని మళ్లీ మళ్లీ వాడతారు, దాన్ని వాళ్లు 'బ్యాంకు' అంటారు. పదిహేనో భాగం బయటివాళ్లకు ఇచ్చి గీయిస్తే యంత్రాల కాళ్లూ చేతులూ ఏవో బంకమట్టితో చేసినట్టొచ్చాయి. జనం ఇప్పటికీ దాన్ని చూసి నవ్వుకుంటారు. మనుషుల ముఖాలు గీసే యసుహికో యొషికజు పని ఒత్తిడిలో జబ్బుపడి చివర్లో ఆసుపత్రి పాలయ్యాడు. ఆ పదిహేనో భాగాన్నే ఆయన 2022లో సొంతంగా సినిమాగా తీశాడు. నలభై ఏళ్లకు పైగా మనసులో పెట్టుకున్నాడన్నమాట!

1980 జనవరి 26న అయిపోయింది. అయిపోయాకే అసలు కథ. మళ్లీ వేసినప్పుడు చూసినవాళ్లు పెరిగారు. అదే జులైలో బాందాయ్ అనే ఇంకో కంపెనీ, పిల్లలు విడిముక్కలు అతికించుకునే ప్లాస్టిక్ కిట్లు తెచ్చింది, ఖరీదు 300 యెన్లు. జాకు కూడా అమ్ముడుపోయింది, చూశావా! 1981 ఫిబ్రవరి 22న సినిమా రాబోతోందని పెట్టిన సభకి టోక్యో షింజుకులో వేలమంది కుర్రకారు పోగయ్యారు. మార్చిలో మొదటి సినిమా, జులైలో రెండోది, మరుసటి మార్చిలో మూడోది. సీరియల్‌నే కుదించి, కొన్ని చోట్ల కొత్తగా గీసి అతికించినవి. మూడోదానికి యసుహికో మళ్లీ కూర్చుని బోలెడు గీశాడు. క్లోవర్ మాత్రం 1983లో మూతపడింది.

ప్రశ్న: గండమ్ ఎత్తు ఎంత? కాగితం మీద అంత ఎత్తుగా ఎలా కనిపిస్తుంది?
— ఏడో తరగతి, మంగళగిరి

జవాబు: 18 మీటర్లు, అంటే అరవై అడుగులు. బెజవాడ స్వరాజ్ మైదానంలో అంబేద్కర్ గారి విగ్రహం పీఠం కాకుండానే 125 అడుగులు. ఆయన పక్కన నిలబెడితే గండమ్ నడుము దాకా కూడా రాదు.

ఇక గీయడం. కాగితం అడుగున, పాదాల దగ్గరే, ఆకాశం నేలను కలిసే గీత పెట్టు. పాదాలు లారీల్లా పెద్దగా, తల చిన్నగా. పక్కన ఒక కరెంటు స్తంభం వెయ్యి, నడుము కన్నా కిందకి. కటౌట్‌కి మేం తిరగేసి చేసేవాళ్లం: నిజంగానే కిందనుంచి చూస్తారు కాబట్టి తల చిన్నదైపోతుంది, అందుకని కొలత కన్నా కాస్త పెద్ద తల. తెలియక నేను కాగితం మీద కూడా అలాగే వేస్తే మా మనవడు 'తాతయ్యా, ఇది రోబోనా, లడ్డూనా?' అన్నాడు.

ప్రశ్న: గండమ్‌లో లాలా అనే అమ్మాయికి బొట్టు ఉంటుంది. మనమ్మాయేనా సార్?
— డిగ్రీ విద్యార్థిని, తెనాలి

జవాబు: భారతీయ మూలాలున్న పిల్ల అనే చెప్పుకుంటారమ్మా. లాలా సూన్. పసుపు గౌను, నుదుట బొట్టు. అమురో ఆమెను మొదట చూసేది వాన కురుస్తుంటే, చెరువు గట్టున ఒక ఇంటి దగ్గర. ఒక తెల్లపక్షి నీళ్లలో పడి చచ్చిపోతుంది, ఆమె దానికోసం బాధపడుతూ ఉంటుంది. తరవాత అమురో కారు బురదలో కూరుకుపోతే, వెనక వచ్చిన కారాయన దిగి సాయం పట్టి బయటికి లాగుతాడు. ఆయనే షార్, వీడి అసలు శత్రువు, ముసుగు మనిషి. పక్కన లాలా. ఇద్దరూ ఒకే బురదలో నిలబడి ఉంటారు. తరవాత యుద్ధంలో షార్‌కి అడ్డుపడి ఆమె అమురో చేతిలోనే చచ్చిపోతుంది. నీకు ముందే చెప్పేశాను, తిట్టుకోకు.

ప్రశ్న: తాతగారూ, నాకు పుట్టినరోజుకి గండమ్ కిట్టు కొనిచ్చారు. జిగురు లేదు డబ్బాలో. షాపువాడు మోసం చేశాడా?
— ఆరో తరగతి, ఇబ్రహీంపట్నం

జవాబు: లేదు నాన్నా. 1980 నాటి తొలి కిట్లయితే జిగురు పూసి అతికించాలి, రంగూ మనమే వేసుకోవాలి. ఇప్పటివి నొక్కితే టక్కున కూర్చుంటాయి, రంగులు ముక్కల్లోనే ఉంటాయి. పక్కనే ఉన్న కొండపల్లికి ఒక ఆదివారం వెళ్లు. అక్కడ తెల్లపొణికి చెక్కతో చేతులూ కాళ్లూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. గంగిరెద్దు కాలు అతికేటప్పుడు అక్కడి తాత దాన్ని ఎంతసేపు పట్టుకుంటాడో చూడు.

నీ కిట్టులో ముక్కల్ని చేత్తో తుంచకు, అక్కడ తెల్లమచ్చ పడుతుంది. కాడకు కొంచెం దూరంగా ఒకసారి కత్తిరించి, మిగిలింది ముక్కకు ఆనించి రెండోసారి కత్తిరించు. గోళ్ల కత్తెర చాలు. అమ్మనడిగి తీసుకో, పనయ్యాక తిరిగిచ్చెయ్.