సస్పెన్షన్‌లో ఉండగానే హెవీ లైసెన్స్ వాలిడిటీ అయిపోతే?

గుంటూరులో డీసీఎం నడుపుతున్నాను, లైసెన్స్ మూడు నెలలు సస్పెండ్ చేశారు, ఈలోపే ట్రాన్స్‌పోర్ట్ (సరుకు, కిరాయి బళ్లు నడిపే) వాలిడిటీ అయిపోతోంది, ట్రాఫిక్ తప్పులకు వేసే పెనాల్టీ పాయింట్లు పడితే ఇక రెన్యువల్ కాదంటున్నారు, నిజమేనా అని ఒక డ్రైవర్ అడిగారు. నిజం కాదు. ఆ పాయింట్ల మాట హైదరాబాద్ నుంచి వచ్చింది. అక్కడ 2017 ఆగస్టులో పెట్టారు, 24 నెలల్లో 12 పాయింట్లు చేరితే ఏడాది సస్పెన్షన్ అన్నారు. మీ మీద పడింది మోటారు వాహన చట్టంలో లైసెన్స్ సస్పెండ్ చేసే 19వ సెక్షన్. సస్పెన్షన్ గడువు తీరాక రెన్యువల్ అవుతుంది.

విజయవాడ ఆటోనగర్‌లో మాకు లారీలున్నాయి. మా డ్రైవర్ బాబాయికి అచ్చం ఇదే జరిగింది. గుంటూరు యార్డులో మిర్చి ఎత్తుకుని వస్తుంటే కాజ టోల్‌గేట్ దగ్గర సెల్ మాట్లాడుతున్నారని కేసు కట్టారు. సస్పెన్షన్ నడుస్తుండగానే వాలిడిటీ తేదీ దాటిపోయింది. ఇరవై ఏళ్లకు పైగా స్టీరింగ్ పట్టిన మనిషి, మళ్లీ టెస్ట్ పెడతారేమోనని అన్నం కూడా సరిగా తినలేదు.

ఆ టెన్షన్ మీరు పడొద్దు. వాలిడిటీ అయిపోయిన ఏడాదిలోపు అప్లై చేస్తే డ్రైవింగ్ టెస్ట్ ఉండదు. ఏడాది దాటితేనే మళ్లీ టెస్ట్. సస్పెన్షన్‌లో ఉండగా రెన్యువల్ చేయరు కాబట్టి అప్పటిదాకా ఆగాల్సిందే. ఒకప్పుడు వాలిడిటీ అయ్యాక నెల రోజులు వెసులుబాటు ఉండేది, 2019 సవరణలో తీసేశారు. అదే సవరణతో ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్ మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది.

చాలామందికి తెలియనిది ఒకటుంది. మూడు నెలలు అయిపోగానే లైసెన్స్ దానంతటదే చేతికి రాదు. గుర్తింపు ఉన్న డ్రైవింగ్ స్కూల్లో రిఫ్రెషర్ ట్రైనింగ్ పూర్తిచేసి సర్టిఫికెట్ చూపించాలి. గడువు తీరాక దాని కోసం పరుగులు పెట్టే బదులు స్కూలు వాళ్లతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. తర్వాత లైసెన్స్ పనులు జరిగే ప్రభుత్వ వెబ్‌సైట్ సారథి పోర్టల్‌లో రెన్యువల్‌కి పెట్టడమే. దానికి అప్లికేషన్ ఫారం 2, డాక్టరు సంతకంతో ఫారం 1ఎ అనే మెడికల్ సర్టిఫికెట్ కావాలి.

ఈ ఫారం 1ఎ దగ్గర అశ్రద్ధ చేయకండి. పట్టపగలు 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలరా అని అందులో ఉంటుంది. డాక్టరుగారు బాబాయిని క్లినిక్ గుమ్మంలో నిలబెట్టి, ఎదురుగా ఆగి ఉన్న కారు నంబరు చదవమన్నారు. చివర 8 ఉంటే ఆయన 3 అన్నారు. కళ్లు నులుముకుని మళ్లీ చూసి మళ్లీ 3 అనే అన్నారు. ఆ చూపుతోనే రాత్రిళ్లు హైవే మీద లోడు తోలుతున్నారని తెలిసి నాకు గుండె ఆగినంత పనైంది. కళ్లజోడు చేయించాకే సర్టిఫికెట్ తీసుకున్నాం. మనిషిని చూడకుండా సంతకం పెట్టించి ఇస్తామనే బ్రోకర్లు ఉంటారు, వాళ్ల జోలికి మాత్రం పోవద్దు.

సస్పెన్షన్ ఆర్డర్ కాపీ ఒకసారి పూర్తిగా చదవండి. అన్ని రకాల బళ్లకా, ట్రాన్స్‌పోర్ట్‌కి మాత్రమేనా అన్నది అందులోనే ఉంటుంది. అన్నిటికీ అని ఉంటే బైకు కూడా తీయకూడదు. ఆర్డర్ అన్యాయమనిపిస్తే అందిన 30 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు. కెమెరా చలానాలు వేరే సంగతి, అవి బండి నంబరు మీద పడతాయి, ఓనర్‌తో మాట్లాడి తేల్చుకోండి.

ఈ మూడు నెలల్లో "నైటే కదా, ఒక్క ట్రిప్పు" అని ఓనర్ అడిగినా ఒప్పుకోవద్దు. పట్టుబడితే చట్టంలో మూడు నెలల దాకా జైలు, 10,000 రూపాయల జరిమానా ఉన్నాయి. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు కూడా పేచీ పెడతారు. బండి ఇచ్చినందుకు ఆయన మీదా కేసు అవుతుందని చెప్పండి, వింటారు. స్టీరింగ్ పట్టకుండా చేసే పని ఏదైనా ఉంటే ఇమ్మని అడగండి. మేం బాబాయికి లోడింగ్ దగ్గర లెక్క చూసే పని అప్పగించి సగం జీతం ఇచ్చాం. డ్రైవర్ ఇల్లు గడవాలంటే ఓనర్లు ఆ మాత్రం చేయాలి.