గేములు ఆడకపోయినా కలిసి పనిచేయడం వస్తుంది

మీ అమ్మాయికి వీడియో గేములు నచ్చవని, మరి ఆన్‌లైన్‌లో నలుగురితో కలిసి పనిచేయడం ఎలా నేర్చుకుంటుందని అడిగారు కదండీ. బలవంతంగా ఆడించకండి. వికీపీడియాలో రాయమనండి. ముక్కూమొహం తెలియనివాళ్లు 2001 నుంచి కలిసి రాస్తున్న విజ్ఞాన సర్వస్వం అది. ముందు అచ్చుతప్పులు దిద్దితే చాలు. మార్పు చేసినప్పుడల్లా దిద్దుబాటు సారాంశంలో, అంటే మార్పును భద్రపరిచే చోట ఉండే చిన్న పెట్టెలో, కారణం రాయాలి. ఎవరైనా దాన్ని రద్దు చేస్తే ఆ వ్యాసానికి అనుబంధంగా ఉండే చర్చా పేజీలో ఆధారం చూపించి మాట్లాడాలి. అసలు విద్యంతా అక్కడే ఉంది: కోపం తెచ్చుకోకుండా, అవతలివాళ్లకు అర్థమయ్యేలా రాతలో చెప్పడం. పటాలంటే (మ్యాపులంటే) ఇష్టమైతే, అలాగే అందరూ కలిసి తయారుచేసే ప్రపంచ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉంది. స్నేహితులతోనైతే గూగుల్ డాక్స్‌లో ప్రాజెక్టు రాయించండి; ఒకరి వాక్యాన్ని మరొకరు నేరుగా చెరిపేయకుండా సూచనగా పెట్టాలి. వాడుకరి పేరుగా మాత్రం అసలు పేరు పెట్టనివ్వకండి.