ప్లగిన్‌లు కొనే ముందు ఒక్క పాటను ఖాళీ చేసి చూడండి

ప్రశ్న: వరంగల్‌లో బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంట్లో పదడుగుల గదిలో, అయిదంగుళాల స్పీకర్లతో షార్ట్‌ఫిల్మ్ పాటలకు మిక్సింగ్ (గొంతు, వాద్యాల ట్రాకులను తూకంగా కలపడం) చేస్తుంటాను. ఇక్కడ బాగున్న పాట ఫోన్‌లో, కారులో వింటే గజిబిజిగా, మాటలు తెలియకుండా ఉంటోంది. ప్లగిన్‌ల (మిక్సింగ్ సాఫ్ట్‌వేర్‌కు అదనంగా చేర్చుకునే పనిముట్ల) కోసం నాన్నగారిని రూ.40,000 అడగవచ్చా? ఈ రంగంలో స్థిరపడాలంటే ఏం చేయాలి?

జవాబు: ఆ డబ్బు ఇప్పుడు అడగకండి. మీరు చెప్పిన లోపం మీ సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చిన మామూలు ఈక్వలైజర్‌తోనే (ఎంచుకున్న పౌనఃపున్యాలను పెంచే, తగ్గించే సాధనం) చాలావరకు తీరుతుంది. దాన్ని తీర్చడం మీకు వచ్చని చూపించే పాటే రేపు స్టూడియోలో మీకు చోటు సంపాదించి పెడుతుంది.

గజిబిజి ఎక్కువగా పుట్టేది 200 నుంచి 500 హెర్ట్జ్‌ల మధ్య. గొంతు, గిటారు, హార్మోనియం, కీబోర్డు ప్యాడ్ (వెనక నిలకడగా సాగే స్వరాల పొర) అన్నిటికీ అక్కడ బలం ఉంటుంది. దగ్గరి పౌనఃపున్యాల్లో బిగ్గరగా ఉన్నది మెల్లగా ఉన్నదాన్ని కప్పేస్తుంది కనుక, ఒక్కొక్క వాద్యాన్నీ సోలోలో, అంటే మిగతావన్నీ ఆపి, వింటూ నిండుగా తీర్చిదిద్దితే, అన్నీ కలిసినప్పుడు ఒకదాన్నొకటి మింగేస్తాయి. (కెరీర్ కౌన్సెలింగ్‌లోకి రాకముందు మిక్సింగ్ చేసే రోజుల్లో నేనూ ఇలాగే గిటారును విడిగా విని మురిసిపోయాను, గాయని మాటలు తెలియడం లేదని నిర్మాత చెప్పేదాకా నాకు తట్టలేదు.)

మీ పాట ఒకటి తెరిచి, గొంతు తప్ప అన్నీ మ్యూట్ చేయండి. తర్వాత ఒక్కొక్కటే చేరుస్తూ, ఏది చేరినప్పుడు మొదటి మాట మరుగున పడిందో రాసుకోండి. అది ప్యాడ్ అయితే, ఆ చరణంలో ప్యాడ్ అసలు అవసరమా అని ముందు ఆలోచించండి. అవసరమే అనుకుంటే దాన్ని 150 హెర్ట్జ్‌ల కింద కోసేసి, 300 దగ్గర మూడు డెసిబెల్స్ తగ్గించండి. విడిగా వింటే పలచగా అనిపిస్తుంది, అనిపించనివ్వండి. గొంతులో 80 హెర్ట్జ్‌ల కింద ఉండేది చాలావరకు ఫ్యాను రొద, మైకు స్టాండు అదురు మాత్రమే, దాన్నీ కోసేయండి. తబలా జంటలో ఎడమదైన డగ్గా గంభీర నాదానికి మాత్రం ఆ కింది భాగమే ప్రాణం కనుక దాని జోలికి పోకండి. హల్లుల స్పష్టత 2,000 నుంచి 5,000 హెర్ట్జ్‌ల మధ్య ఉంటుంది. అక్కడ గిటారును కాస్త తగ్గిస్తే, గొంతు పెంచకుండానే ముందుకు వస్తుంది.

తెలుగు పాటలకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. ఆ అచ్చు రివర్బ్‌లో (గొంతుకు చేర్చే ప్రతిధ్వనిలో) సాగి తర్వాతి మాట మొదటి హల్లు మీద పడుతుంది. ప్రీడిలే (గొంతు పలికాక రివర్బ్ మొదలయ్యేలోపు విరామం) 30 మిల్లీసెకన్ల దగ్గర పెట్టి, రివర్బ్ తోకను తర్వాతి మాట వచ్చేలోగా అణిగేంత కురచ చేసి వినండి.

ఇక మీ గది సంగతి. ఎదురెదురు గోడల మధ్య పదడుగులుంటే దాదాపు 56 హెర్ట్జ్ దగ్గర తరంగం నిలబడిపోతుంది. ఆ స్వరం నట్టనడుమ కూర్చుంటే దాదాపు వినపడదు, గోడ దగ్గర ఉబ్బిపోతుంది. నడుమ కూర్చుని బేస్ చాలలేదని పెంచిన పాట కారులో గుబగుబలాడక ఏం చేస్తుంది? కుర్చీ జరపడానికి పైసా ఖర్చు లేదు.

చదువు విషయానికొస్తే, బీకాం మానకండి. పుణెలోని ఎఫ్‌టీఐఐ (ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా), కోల్‌కతాలోని సత్యజిత్ రే ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌లలో సౌండ్ రికార్డింగ్, సౌండ్ డిజైన్ మూడేళ్ల కోర్సుకు డిగ్రీ కావాలి. మిగతా అర్హతలను ఆ ఏటి ప్రకటనలో చూసుకోండి. రెండో దారి హైదరాబాద్ స్టూడియోలో అసిస్టెంటుగా చేరడం. అక్కడ మొదట్లో కేబుళ్లు చుట్టడం, గొంతు ట్రాకులు శుభ్రం చేయడమే పని. పాటల మిక్సింగ్ ఒక్కటే ఆశించకుండా డబ్బింగ్, వెబ్‌సిరీస్ సంభాషణల పనికి కూడా సిద్ధపడండి. మాట స్పష్టంగా వినిపించే నేర్పు అక్కడా అదే.

ఏ దారిలో వెళ్లినా మూడు పాటలు చేతిలో ఉంచుకోండి. ఒక్కొక్కదానికీ మీరు ముట్టుకోక ముందు, ముట్టుకున్న తర్వాత అని రెండు రూపాలుండాలి, రెండూ ఒకే శబ్దతీవ్రతలో ఉండాలి. బిగ్గరగా ఉన్నదే చెవికి బాగుందనిపిస్తుంది. వినే ఇంజినీరుకు ఆ సంగతి మీకంటే బాగా తెలుసు.