పాఠకుల ప్రశ్నలకు జవాబులు: నల్లమల ముడుతలు, మరుగున పడిన ఒక సిద్ధాంత గ్రంథం

ప్రశ్న: నేను సాంఘికశాస్త్రం బోధిస్తాను. గిద్దలూరు దాటి దిగువమెట్ట మీదుగా నంద్యాల వెళ్లేటప్పుడు దారి కోసం తొలిచిన గట్లలో రాతిపొరలు విల్లులా వంగి కనబడతాయి. రాయిని వంచితే విరగాలి గాని వంగడమేమిటని పిల్లలు అడిగితే సరైన సమాధానం చెప్పలేకపోయాను. కొండ శిఖరమంటే ఆ వంపు పైభాగమేనా అన్నది నా సొంత సందేహం.
– ఒక ఉపాధ్యాయుడు, కంభం

జవాబు: మీ పిల్లలకు వచ్చిన సందేహమే రెండు వందల ఏళ్ల కిందట స్కాట్లాండ్‌లో సర్ జేమ్స్ హాల్ అనే భూవిజ్ఞానికి వచ్చింది. తూర్పు తీరంలోని కొండచరియల్లో వంకీలు తిరిగిన పొరలను చూసి వచ్చిన ఆయన, రకరకాల బట్టలను ఒకదాని మీద ఒకటి పరచి, బందులు ఊడి ఉన్న ఒక తలుపును వాటి మీద పెట్టి, దానిపై బరువులు ఎత్తి, రెండు పక్కలా నిలబెట్టిన చెక్కలను సుత్తితో లోపలికి కొట్టుకుంటూ వచ్చాడు. బట్టలు తీరంలోని పొరల్లాగే పైకీ కిందికీ ముడుతలు పడ్డాయి. ఆ వివరమంతా 1815లో అచ్చయిన పత్రంలో ఉంది. మీ తరగతిలో నాలుగు పాత చీరలతో, ఒక బల్లచెక్కతో ఇదే చేయించవచ్చు. పైన బరువు పెట్టడం మాత్రం మరవకండి. బరువు లేకుండా తోస్తే బట్ట ఒక్కచోట పైకి లేచి పక్కకు పడిపోతుంది. బరువు కింద తోస్తేనే వరుసగా ముడుతలు పడుతుంది.

మనం రాయిని పగలగొట్టేది నేల మీద, చల్లగా ఉన్నప్పుడు, ఒక్క దెబ్బతో. నల్లమల పొరలు ముడుతపడింది భూమి లోపల, కొన్ని కిలోమీటర్ల లోతున, నాలుగు వైపుల నుంచీ ఒత్తిడి ఉన్నచోట. అక్కడ పగులు నోరు తెరవడానికి చోటు ఉండదు. వేడికి రేణువుల లోపలి అమరిక కొద్దికొద్దిగా జరుగుతుంది. ఒత్తిడి ఎక్కువగా పడినచోట ఖనిజం నీటిలో కరిగి, తక్కువగా ఉన్నచోట మళ్లీ పేరుకుంటుంది. వీటన్నిటికీ మించినది కాలం. ఒక మీటరు పొడవున్న పొర ఏడాదికి మిల్లీమీటరులో పది వేలవ వంతు చొప్పున కుదించుకుపోతే ఏ తరమూ దాన్ని కనిపెట్టలేదు గాని, పది లక్షల ఏళ్లకు అది పది సెంటీమీటర్లు తగ్గుతుంది. నల్లమలకు కాలం కొరత లేదు. చెలమ దగ్గర ఈ పొరలను చీల్చుకుని పైకి వచ్చిన లాంప్రాయిట్ అనే అగ్నిశిల వయసు సుమారు 140 కోట్ల సంవత్సరాలని లెక్కగట్టారు. చీల్చినదే అంత పాతదైతే, చీలిన పొరలు అంతకంటే పాతవి కావాలి.

ఇక శిఖరం సంగతి. పైకి వంగిన ముడుతను అపనతి అనీ, కిందికి వంగినదాన్ని అభినతి అనీ పాఠ్యపుస్తకంలో చదివి, అపనతి కొండగానూ అభినతి లోయగానూ ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఇంత పాత కొండల్లో ఆ లెక్క కుదరదు. ముడుతపడినప్పుడు లేచిన ఎత్తు ఏనాడో అరిగిపోయింది. ఇప్పుడు నిలబడి ఉన్నవి క్వార్ట్‌జైట్ వంటి గట్టి పొరలు. పలకరాయి, షేల్ వంటి మెత్తని పొరలు ఉన్నచోట లోయలు ఏర్పడ్డాయి. అపనతి నడుమ మెత్తని పొర బయటపడితే అక్కడే లోయ దిగుతుంది. కాబట్టి కొండ ఆకారాన్ని బట్టి ముడుతను ఊహించకుండా, పొర ఏ దిక్కుకు ఎంత వాలి ఉందో కొలవమని పిల్లలకు చెప్పండి. కోణమానినికి ఒక దారం, దారానికి ఒక చిన్న బరువు కట్టుకుంటే ఆ పనికి చాలు.

ఇంకొక్క వస్తువు చూపించండి. మార్కాపురం పలక ఒకటి నా బల్ల మీద ఎప్పుడూ ఉంటుంది. దాన్ని తడిపి ఎండకు ఏటవాలుగా పట్టుకుంటే, నల్లని ముఖం మీద అడ్డంగా సన్నని లేత చారలు రెండు మూడు కనబడతాయి. ఆ చారలే అసలు పొరలు, అంటే ఒకనాటి నీటి అడుగున బురద పేరుకున్న వరుసలు. పలక చీలిన ముఖం పొర కాదు. పక్క నుంచి వచ్చిన ఒత్తిడికి అభ్రకం వంటి రేకు ఖనిజాలన్నీ ఆ ఒత్తిడికి అడ్డంగా, ఒకే వరుసలో తిరగడం వల్ల ఏర్పడిన చీలిక తలం అది. ముడుతలు వేసిన ఒత్తిడే పలకకు ఆ చీలికనూ ఇచ్చింది. ఈ కారణాన్ని 1853లో చెప్పినవాడు హెన్రీ క్లిఫ్టన్ సోర్బీ. ఈ పేరుతో మూడో జవాబులో మళ్లీ పని ఉంది.

ప్రశ్న: చీమకుర్తి గెలాక్సీ రాతిలో ముడుతలు ఎందుకు కనబడవు?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అది బురద పొరలుగా పేరుకున్న రాయి కాదు. భూమి లోపల కరిగిన శిలాద్రవం నెమ్మదిగా చల్లారి గట్టిపడినది. వ్యాపారంలో గ్రానైట్ అంటారు గాని భూవిజ్ఞానం ప్రకారం గాబ్రో జాతికి చెందుతుంది. బంగారు చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. క్వారీలో కోసే దిమ్మ అంతటా ఒకే తీరుగా ఉంటుంది కనుక, అందులో వంపును చూపించే గీతలు దొరకవు.

ప్రశ్న: నేను నెల్లూరు జిల్లా నుంచి పీహెచ్‌డీ చేస్తున్నాను. వెలికొండల్లో ఒక చోట పొరలు ఒకసారి కాక రెండుసార్లు ముడుతపడ్డాయని నా కొలతల్లో తేలింది. ఈలోగా దాదాపు నలభై ఏళ్ల కిందటి, టైపు చేసిన ఒక సిద్ధాంత గ్రంథం గ్రంథాలయంలో దొరికింది. అందులో మొదటి ముడుత పటం చక్కగా గీసి ఉంది. దాన్ని ఎవరూ ఎక్కడా ఉదహరించలేదు. దాని పేరెత్తితే నా పత్రంలో కొత్తదనం తగ్గుతుందని, సైటేషన్లు (అంటే ఇతర పత్రాల్లో ఉదహరింపులు) లేని పనిని పట్టించుకోనక్కర లేదని ఒక పెద్దాయన సలహా ఇచ్చారు. ఏం చేయాలి?
– ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: ఆ గ్రంథాన్ని తప్పకుండా పేర్కొనండి. ఇందులో రెండో ఆలోచన అక్కరలేదు.

మీ కొత్తదనం తగ్గదు, తేటపడుతుంది. రెండో ముడుత జరిగిందని మీకు ఎలా తెలిసింది? మొదటి ముడుత అక్షం, అంటే వంపు వెంబడి సాగే గీత, తిన్నగా ఉండవలసినది వంగి ఉండడం వల్ల. అంటే మొదటిదాన్ని ఒకరు సరిగ్గా గీసి ఉంటేనే రెండోదాన్ని మీరు నమ్మకంగా చూపగలరు. ఆ పాత పటాన్ని మీ పత్రంలో పక్కన పెట్టి, ఇంతవరకు ఆ గ్రంథకర్తది, ఇక్కడి నుంచి నాది అని గీత గీస్తే, చదివేవారికి మీ భాగం ఎంతో వెంటనే తెలుస్తుంది.

సైటేషన్లు లేవు కనుక విలువ లేదన్న మాట చాలా నష్టం చేస్తోంది కాబట్టి దాని గురించి కొంత వివరంగా రాస్తాను. ఏ పత్రాన్ని తర్వాతి పత్రాలు ఎన్ని ఉదహరించాయో వరుసగా నమోదు చేసే సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను యూజీన్ గార్‌ఫీల్డ్ 1960లలో తెచ్చినప్పుడు, ఒక ఆలోచన ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో వెతికి పట్టుకోవడానికి అది గొప్ప సాధనమైంది. మనుషులను తూచే త్రాసుగా దాన్ని వాడడం తర్వాత బలపడింది. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు హెచ్-ఇండెక్స్ అనే సూచికను ప్రతిపాదించాడు. ఎన్ని పత్రాలకు కనీసం అన్నేసి సైటేషన్లు ఉన్నాయో ఆ అంకే అది. మీ అయిదు పత్రాలకు వరుసగా 12, 7, 4, 2, 0 సైటేషన్లు ఉన్నాయనుకోండి. కనీసం మూడేసి సైటేషన్లు ఉన్నవి మూడు కనుక మీ సూచిక 3. ఆ 12 రేపు 400 అయినా సూచిక 3 గానే ఉంటుంది. పన్నెండు మంది కలిసి రాసిన పత్రానికి పన్నెండుగురికీ పూర్తి లెక్క పడుతుంది; ఎండలో కొండెక్కి వాలు కొలిచినవారు ఎవరో, పేరు మాత్రమే చేర్చుకున్నవారు ఎవరో ఆ అంకె చెప్పదు. పత్రికలకు ఇచ్చే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గడచిన రెండేళ్ల పత్రాలకు వచ్చిన సైటేషన్లనే చూస్తుంది. మన శాస్త్రంలో 1872లో కడప, కర్నూలు శిలల మీద విలియం కింగ్ రాసిన నివేదికతోనే ఈ ప్రాంతపు చర్చ మొదలవుతుంది. అలాంటి శాస్త్రానికి రెండేళ్ల కొలబద్ద ఎలా సరిపోతుంది?

ఎక్కువమంది ఉదహరించినంత మాత్రాన నిజమనీ చెప్పలేం. హిమాలయాల్లో దొరికాయంటూ పాతికేళ్ల పాటు ప్రకటించిన శిలాజాల్లో కొన్ని నిజానికి న్యూయార్క్ ప్రాంతానివని జాన్ టాలెంట్ అనే శాస్త్రజ్ఞుడు 1989లో నేచర్ పత్రికలో బయటపెట్టేనాటికి, ఆ పత్రాలు ఎందరి రచనల్లోకో ఎక్కిపోయాయి. దీనికి వ్యతిరేకమైన పరిస్థితీ ఉంది. పలకరాయి చీలికకు కారణం చెప్పేటప్పుడు నేడు దాదాపు ఎవరూ సోర్బీని ఉదహరించరు, ఎందుకంటే అది అందరికీ తెలిసిన విషయమైపోయింది. అంతా ఒప్పుకున్నాక చెప్పినవారి పేరు జారిపోతుందన్న ఈ సంగతిని సామాజికవేత్త రాబర్ట్ మెర్టన్ గుర్తించి దానికి ప్రత్యేకంగా పేరు పెట్టాడు. మీకు దొరికిన గ్రంథానికి ఆ గౌరవం కూడా దక్కలేదు. అది టైపు ప్రతిగా ఉండిపోయింది, ఇండెక్సుల కంటికి పడలేదు. ఉదహరించడమంటే అప్పు ఒప్పుకోవడం అని నేను నమ్ముతాను. అప్పు ఇచ్చిన మనిషిని ఊరు ఎరగకపోతే అప్పు మాఫీ కాదు.

మీ పేరు గురించి కూడా ఒక మాట. తెలుగువారి ఇంటిపేరు ఈ జాబితాల్లో ఒక పొడి అక్షరంగా కుదించుకుపోయి, చివరి రెడ్డి, రావు, నాయుడు వంటివి ఇంటిపేర్లుగా ఎక్కుతాయి. దాంతో ఒకే పేరు కింద పదిమంది పని కలిసిపోతుంది, ఒక్కరి పని మూడు పేర్ల కింద చీలిపోతుంది. మొదటి పత్రం నుంచే ఒకే స్పెల్లింగు పాటించండి, పరిశోధకులను విడివిడిగా గుర్తించే పదహారు అంకెల ఆర్కిడ్ (ORCID) సంఖ్య తీసుకోండి. అది ఉచితం.

ఆ సిద్ధాంత గ్రంథాన్ని పేర్కొనేటప్పుడు రచయిత పేరు, విశ్వవిద్యాలయం, సంవత్సరంతో పాటు పటం సంఖ్య, పుట సంఖ్య కూడా ఇవ్వండి. స్కాన్ చేసి, సిద్ధాంత గ్రంథాలను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో పెట్టించే వీలుందేమో గ్రంథాలయాధికారిని అడగండి. రచయిత జీవించి ఉంటే మీ పత్రం అచ్చయ్యాక ఒక ప్రతి పంపండి. ఆయన రాసిన వాగుల పేర్లు నేటి పటాల్లోని పేర్లతో కలవకపోతే, వచ్చేవారు ఆ చోటును వెతుక్కోవడానికి వీలుగా రెండు పేర్లూ రాసి, పక్కన అక్షాంశ రేఖాంశాలు ఇవ్వండి.