చేతిలో ఏ ప్రతి ఉంటే అదే రాయాలి

ప్రశ్న: ‘కన్యాశుల్కం’ మీద సిద్ధాంత వ్యాసం రాస్తున్నాను. ఉపయుక్త గ్రంథసూచిలో ఆ నాటకానికి నేను 1897 అని వేస్తే మా పర్యవేక్షకులు 1909 అని దిద్దారు. నిజానికి నేను చదివింది ఈమధ్య కొన్న పునర్ముద్రణ. పైగా గ్రంథసూచి తయారుచేసే జోటెరో సాఫ్ట్‌వేర్‌లో రచయిత పేరు ‘అప్పారావు, గురజాడ’ అని తిరగబడి వస్తోంది. ఏది సరైనది?
– ఒక పరిశోధక విద్యార్థిని, విజయనగరం

జవాబు: రెండు సంవత్సరాలూ చరిత్రలో ఉన్నవే. మీ ఊళ్ళో 1892లో తొలిసారి ప్రదర్శించిన ఆ నాటకం 1897లో అచ్చయింది. గురజాడ దానిని తిరగరాసి, బాగా పెంచి 1909లో మళ్ళీ ప్రచురించారు. ఈ రెండు కూర్పులకు ఉన్న తేడా అచ్చుతప్పులు దిద్దినంత చిన్నది కాదు కనుక, 1909 నాటి సంభాషణను ఉటంకించి పక్కన 1897 అని వేస్తే, సరిచూడబోయిన పరీక్షకుడికి ఆ మాటలు మొదటి కూర్పులో కనబడకపోవచ్చు. ఆ మేరకు మీ పర్యవేక్షకులు దిద్దింది సబబే. అయితే 1909 ఒక్కటే వేసి ఊరుకున్నా చిక్కే, ఎందుకంటే మీరిచ్చే పుట సంఖ్య 1909 ప్రతిది కాదు, మీరు కొన్న పుస్తకానిది. మీ పునర్ముద్రణ ఏ కూర్పును అనుసరించిందో ముందు దాని పీఠికలో చూసుకోండి. ఆ తరువాత ప్రచురణకర్త, ఊరు, ముద్రణ సంవత్సరం మీ చేతిలోని ప్రతివే ఇచ్చి, తొలి ప్రచురణ సంవత్సరాన్ని కూడా పేర్కొనండి. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) ఉటంకింపు పద్ధతి 7వ కూర్పు ప్రకారమైతే వ్యాసంలో రెండు సంవత్సరాలనూ ఏటవాలు గీతతో కలిపి, పాతదాన్ని ముందు రాయాలి.

ఇక పేరు సంగతి. ఇంగ్లీషువారికి ఇంటిపేరు చివర ఉంటుంది కాబట్టి దానిని ముందుకు తెచ్చి, క్రమం మార్చామని తెలియడానికి కామా పెడతారు. మనకు ఇంటిపేరు ముందే ఉంది. మార్చవలసిందే లేనప్పుడు కామాతో పనేమిటి? తెలుగు సూచిలో ‘గురజాడ అప్పారావు’ అనీ, ‘బ్రౌన్, సి.పి.’ అనీ రాయడమే న్యాయం. జోటెరోలో ఇంటిపేరుకు కేటాయించిన గడిలో ‘గురజాడ’ అని మీరే నింపండి. లేకపోతే ఆయన అకారంలోకి వెళ్ళిపోతారు. అక్కడ ఆయనను వెదికే తెలుగువారెవరూ ఉండరు.

పాత పుస్తకాల మీద ‘సౌమ్య’ వంటి సంవత్సర నామం మాత్రమే ఉంటే తొందరపడకండి. అరవై ఏళ్ళకొకసారి అదే పేరు వస్తుంది కాబట్టి అది 1909-10 కావచ్చు, 1969-70 కూడా కావచ్చు. కాగితం, అచ్చు, పీఠిక చూసి నిర్ణయించుకుని, మీరు నిర్ణయించిన సంవత్సరాన్ని చదరపు కుండలీకరణాలలో ఉంచండి.

ప్రశ్న: శ్రీముఖలింగం శాసనాలను ఉదాహరించేటప్పుడు పుట సంఖ్య ఇస్తే చాలునా?
– ఒక చరిత్ర అధ్యాపకుడు, శ్రీకాకుళం

జవాబు: చాలదు. శ్రీముఖలింగం, శ్రీకూర్మం శాసనాలు ‘సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్’ 5వ సంపుటిలో వరుస సంఖ్యలతో ఉన్నాయి. చరిత్రకారులు సంపుటి సంఖ్యనూ శాసన సంఖ్యనూ ఇస్తారు. పుట ఇవ్వడం మీ ఇష్టం. తేదీని శాసనంలో ఉన్నట్టే శక సంవత్సరంలో రాసి, పక్కన క్రీస్తు శకం చేర్చండి. మామూలుగా 78 కలిపితే సరిపోతుంది గాని, శాసనం మాఘ, ఫాల్గుణాలలో వేయించినదైతే అప్పటికి జనవరి దాటి ఉంటుంది కనుక సాధారణంగా 79 కలపాలి.