సింధూకి, ల్యాబ్‌లో చేరే ముందు

సింధూ,

నువ్వు పీహెచ్‌డీకి బెంగళూరు వస్తున్నావనీ, అదీ ఆర్‌ఎన్ఏ మీద పడే మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులకీ డీఎన్ఏ రిపేరుకీ ఉన్న సంబంధం మీద అనీ మీ అమ్మ ఫోన్లో చెప్పిన దగ్గర్నుంచి నా కాలు ఒకచోట నిలవడం లేదు. గర్వంగా ఉంది, టెన్షన్‌గానూ ఉంది.

చిన్నవి ముందు చెప్పేస్తా. గ్లవ్స్ తరచూ మార్చు, చేతి మీది ఆర్‌ఎన్ఏస్, అంటే ఆర్‌ఎన్ఏని కోసే ఎంజైము, నీ శాంపిల్‌ని తినేస్తుంది. యూవీ లైటు వెలుగుతుంటే షీల్డ్ లేకుండా తొంగి చూడకు. వేళకి తిను.

మా రోజుల్లో రిపేరంటే ప్రొటీన్ల పనే అనుకునేవాళ్లం, డీఎన్ఏ తీసేటప్పుడు ఆర్‌ఎన్ఏని కడిగి పారేసేవాళ్లం. అలాంటిది, యూవీ తగిలిన రెండు నిమిషాల్లోనే దెబ్బతిన్న చోట ఆర్‌ఎన్ఏ మీద ఎం6ఏ అనే మిథైల్ గుర్తు కనబడుతుందనీ, దాన్ని పెట్టే మెటిల్3 ఎంజైము లేకపోతే రిపేరు ఆలస్యమవుతుందనీ 2017లో చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 2020లో ఇంకో పేపరు వచ్చింది, డీఎన్ఏ రెండు పోగులూ తెగిన చోట ఈ గుర్తు వల్లే ఆర్‌ఎన్ఏ-డీఎన్ఏ హైబ్రిడ్లు, అంటే ఒక ఆర్‌ఎన్ఏ పోగూ ఒక డీఎన్ఏ పోగూ అతుక్కున్న జంటలు, పోగుపడి రాడ్51, బీఆర్‌సీఏ1 అనే రిపేరు ప్రొటీన్లు అక్కడికి చేరతాయని.

నా భయమంతా ఆ హైబ్రిడ్ల దగ్గరే. మా ల్యాబ్‌లో ఒక సీనియర్ ఉండేవాడు, చాలా తెలివైనవాడు. ఆ హైబ్రిడ్లని పట్టి చూపించే ఎస్9.6 యాంటీబాడీని కణాలకి వేసి స్లైడు చూపిస్తే పచ్చగా మెరిసిపోయింది, అందరం చప్పట్లు కొట్టాం. కేంద్రకంలోనే కాదు, దాని బయటా మెరిసింది. రిపేరు జరిగేది లోపల కదా, బయట ఈ వెలుగేంటని ఎవరూ అడగలేదు. గైడ్‌కి కాన్ఫరెన్స్ తొందర. చివరికి కొత్తగా చేరిన ఒకమ్మాయి ఆ స్లైడ్లకి ఆర్‌ఎన్ఏస్ హెచ్ వేసింది. అది హైబ్రిడ్‌లోని ఆర్‌ఎన్ఏని తెగ్గొట్టాలి, పచ్చదనం పోవాలి. చుక్క కూడా తగ్గలేదు. రెండు పోగుల ఆర్‌ఎన్ఏని కోసే ఆర్‌ఎన్ఏస్ త్రీ వేస్తే మొత్తం పోయింది. ఆ యాంటీబాడీ దాన్నీ పట్టుకుంటుంది మరి. ఏళ్ల పని బుట్టదాఖలు. ఆ సీనియర్ ఎవరికీ చెప్పకుండా ఊరెళ్లిపోయాడు, మళ్లీ పరిశోధన వైపు చూడలేదు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

అందుకే చెబుతున్నా, వెలుగు కనబడగానే సంబరపడకు, ముందు దాన్ని చెరపడానికి చూడు. ఆర్‌ఎన్ఏస్ హెచ్ వేసిన స్లైడూ వెయ్యనిదీ పక్కపక్కన లేకుండా ఒక్క బొమ్మ కూడా గైడ్‌కి చూపించొద్దు. ఎం6ఏ యాంటీబాడీ కూడా అంతే, డీఎన్ఏ మీద అదే గుర్తుంటే దానికీ అతుక్కుంటుంది. మెటిల్3 తీసేసిన కణాలు పోల్చి చూడ్డానికి ప్రతిసారీ పక్కన పెట్టుకో. తొందరపెడితే "ఒక్క వారం ఆగండి సార్" అను. నీకు చిన్నప్పట్నుంచీ మొహమాటం, అన్నం చాలకపోయినా అడగవు. అది ల్యాబ్‌లో పనికిరాదు తల్లీ.

హాస్టల్ రూము దొరికేదాకా యలహంకలో మా ఇంట్లోనే ఉండు. మీ అమ్మకి చెప్పేశాను, మళ్లీ దానికో చర్చ పెట్టకు.

మీ పెద్దమ్మ